రెండు హిమయుగముల నడుమ

లండను నగరమందలి ట్రఫాల్గర్ కూడలి పరిసరములలో గత శతాబ్దిమధ్యమున పెద్ద కట్టడములకై పునాదులు త్రవ్వుచుండగా, థేమ్సు నది పురాతనకాలమున విడిచిన ఇసుక మేటలనుండి నీటిగుఱ్ఱముల ఎముకలును, నిటారైన దంతములు గల ఏనుగుల అవశేషములును, సింహముల అస్థికలును బయల్పడినవి. నేడు ఆఫ్రికాఖండపు నదులే సహజనివాసముగా గల నీటిగుఱ్ఱము, సుమారు 1,25,000 ఏండ్లకు పూర్వము, ఇంగ్లండు దేశపు ఏటిలో మునిగి తేలుచు బ్రదికినదన్న మాట. ఆ కాలమున ఆ దీవిలో మానవుడు నివసించిన జాడ మాత్రము ఇంతవరకు కానరాలేదు. ఆ మృగములు వచ్చుటకు ముందు వేలకొలది ఏండ్లు ఉత్తర ఐరోపా భూములు మంచు క్రింద అణగియుండెను. అవి అంతరించిన పిదప మఱల ఆ చలియే వచ్చి, ఇంచుమించు లక్ష సంవత్సరముల పాటు నిలిచెను. రెండు దీర్ఘశీతముల నడుమ ఒదిగిన ఆ వెచ్చని కాలమునకు శాస్త్రజ్ఞులు ఈమియన్ అని పేరిడిరి. హాలెండు దేశమున ఈమ్ అను చిన్న నది కలదు. ఆ ప్రాంతమున అమెర్స్‌ఫోర్టు పట్టణము చెంత నేలలోనికి తొలిచిన బోరులలో, వెచ్చని సముద్రములను కోరు గుల్లల అవశేషములను కని, 1874లో పీటర్ హార్టింగ్ అను పండితుడు ఆ పొరలను వర్ణించెను. ఆ నదిపేరే ఆ కాలమునకు స్థిరపడినది.

మనము నివసించుచున్న కాలమును అట్టిదే. 11,700 ఏండ్లకు పూర్వము కడపటి హిమయుగము ముగిసినది మొదలు సాగుచున్న హోలోసీన్ కాలము కూడ ఒక హిమయుగాంతరాళమే. వ్యవసాయము, పట్టణములు, లిపి, రాజ్యములు సర్వమును ఈ అంతరాళముననే పుట్టినవి. కావున వెచ్చని కాలమనగా నిశ్చలమైన కాలమనియు, ఒడుదొడుకులన్నియు హిమయుగములకే చెందినవనియు భావించుట మనకు సహజమైనది. ఈ భావన ఎంతవరకు నిజము? మానవుని ప్రమేయమేమియు లేని ఆ పూర్వపు వెచ్చని కాలములలో శీతోష్ణస్థితి తనంతట తాను ఎంత చలించినది, ఏ కారణమున చలించినది? ఈ ప్రశ్నలకు ఇటీవలి డెబ్బదియేండ్లలో లభించిన సమాధానము, నా దృష్టిలో, భూగోళమును గూర్చి మానవుడు సంపాదించిన జ్ఞానమున మిక్కిలి విలువైన భాగము. అంత విలువైనది కనుకనే దానిని తప్పుగా అన్వయించు వారిని చూచినపుడు బాధ కలుగును.

మొదట ఈ కాలములు వచ్చిపోవుటకు కారణము చెప్పవలెను. భూమి సూర్యుని చుట్టును తిరుగు కక్ష్య ఒకప్పుడు ఇంచుమించు వృత్తముగను, ఒకప్పుడు కొంచెము కోలగను ఉండును. ఈ మార్పునకు సుమారు లక్ష ఏండ్లు పట్టును. భూమి ఇరుసు వంపు 22.1 డిగ్రీలకును 24.5 డిగ్రీలకును నడుమ 41,000 ఏండ్ల కాలచక్రమున ఊగును. మూడవది మన పంచాంగకర్తలకు చిరపరిచితమైన అయనచలనము: ఇరుసు దిక్కు మెల్లగా తిరుగుటచేతను, కక్ష్యయే కదలుటచేతను, భూమి సూర్యునికి మిక్కిలి సమీపించు దినము ఏ ఋతువున పడునన్నది సుమారు 23,000 ఏండ్ల కొకమాఱు చుట్టివచ్చును. నేడు ఆ దినము జనవరి మొదటి వారమున, అనగా ఉత్తరార్ధగోళపు చలికాలమున వచ్చుచున్నది.

గ్లాస్గో నగరమున ఒక విద్యాసంస్థకు చెందిన మ్యూజియములో కావలి ఉద్యోగము చేయుచు, తీరికవేళల అచ్చటి గ్రంథములు చదివి స్వయముగా పాండిత్యమార్జించిన జేమ్స్ క్రోల్, ఈ చలనములే హిమయుగములకు హేతువులని 1864లో వ్రాసెను. చలికాలపు ఎండ తగ్గుటయే ముఖ్యమని అతడు తలచెను గాని, ముఖ్యమైనది వేసవియని తరువాత తేలినది. ఉత్తరదేశములలో వేసవి ఎండ మందగించినచో, చలికాలమున కురిసిన మంచు కరగక మిగిలి ఏటేట పేరుకొనును. వేసవి ఎండ తీక్షణమైనచో మంచుపలకలు నిలువజాలవు. సెర్బియా దేశీయుడైన మిలుటిన్ మిలాంకోవిచ్, 1914లో యుద్ధబందీగా చిక్కి బుడాపెస్టు నగరమున నిలువవలసి వచ్చినను, అచ్చటి విజ్ఞానపరిషత్తు గ్రంథాలయమున కూర్చుండి తన గణనమును విడువక సాగించి, 1941లో దానినంతటిని మహాగ్రంథముగా ప్రకటించెను. అతడు 1958లో గతించునాటికి ఆ సిద్ధాంతమును నమ్మువారికంటె శంకించువారే ఎక్కువ. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అను మువ్వురు దక్షిణ హిందూమహాసముద్రపు అడుగునుండి తీసిన మట్టిలో ఆ మూడు కాలచక్రముల లయలను గుర్తించి చూపిన పిమ్మట గాని అది సుప్రతిష్ఠితము కాలేదు.

ఈమియన్ ఆరంభమున, 1,27,000 ఏండ్ల ప్రాంతమున, భూమి సూర్యునికి దగ్గరయగు దినము ఉత్తరార్ధగోళపు వేసవిలోనే పడెను. అందుచే అరువదియైదవ అక్షాంశము వద్ద వేసవి ఎండ నేటికంటె నూటికి పదిపాళ్ళకు పైగా అధికమయ్యెను. ఇచ్చట ఒక విషయమును జాగ్రత్తగా గమనింపవలెను: ఏడాదిపొడవున భూమి మొత్తమునకు చేరిన సూర్యరశ్మి పెరిగినది బహుస్వల్పము, అది ఏ ఋతువున, ఏ ప్రదేశమున పడుననునదే ముఖ్యముగా మారినది. ఆ పంపకపు మార్పునకే ధ్రువప్రాంతపు మంచు వెనుకంజవేసి, పారిశ్రామికయుగమునకు ముందున్న దానికంటె భూగోళపు సగటు వేడిమి అర డిగ్రీ మొదలు డిగ్రీన్నర వరకు పెరిగెను. సముద్రమట్టము 5 నుండి 10 మీటర్ల ఎత్తు లేచెను. బహమా దీవులలోను, పశ్చిమ ఆస్ట్రేలియా తీరమునను, నేటి అలలకు అందని ఎత్తున ఎండి నిలిచియున్న ప్రవాళభిత్తికలు ఆనాటి కడలి గీచిన గీతలే.

ఇంత పూర్వపు వేడిమిని కొలుచుట యెట్లని చదువరులకు సందేహము కలుగవచ్చును. నీటియందలి ఆక్సిజనులో బరువైన రకము, తేలికయైన రకము కలవు. చలి యెంత హెచ్చైన, ధ్రువములపై కురియు మంచులో బరువైన రకము అంత తగ్గునని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు విల్లీ డాన్స్‌గార్డ్ నిరూపించెను. కావున ఏటేట పేరుకొన్న మంచుపొరలే పూర్వపు వేడిమి లెక్కలైనవి. సముద్రపు అడుగున పడియున్న ఫొరామినిఫెరా అను అతిసూక్ష్మజీవుల గుల్లలలోను ఇదే ఆక్సిజను నిష్పత్తి భద్రమై యున్నది. 1955లో చెజారే ఎమిలియాని ఆ మార్గము తెఱచెను. ఇక మంచులో చిక్కిన గాలిబుడగలు ఆనాటి వాయుమండలమునే మనకు అందించుచున్నవి.

ఈమియన్ నిశ్చలమా, చంచలమా అను ప్రశ్నకు సంబంధించి గ్రీన్లాండు మంచుపై జరిగిన కథ యొకటి వివరముగా చెప్పదగినది. ఆ ద్వీపమధ్యమున మంచు మూడు కిలోమీటర్ల మందమున పేరుకొని యున్నది. దాని శిఖరప్రదేశమున ఐరోపా దేశములవారు గ్రిప్ అను పేరిటను, అచ్చటికి 28 కిలోమీటర్ల పడమట అమెరికావారు గిస్ప్-2 అను పేరిటను వేఱువేఱుగా మంచును అడుగంట తొలిచిరి. ఐరోపావారు 1992లో 3,029 మీటర్ల లోతునను, అమెరికావారు మఱుసటి యేట 3,053 మీటర్ల లోతునను తమ పని ముగించిరి. 1993 జూలైలో గ్రిప్ బృందము ప్రకటించిన ఫలితము శాస్త్రలోకమును కలవరపఱచెను. ఈమియన్ కాలపు మంచుగా తోచిన పొరలలో, వెచ్చదనము కొన్ని దశాబ్దములలోనే హిమయుగపు చలికి దిగజారి, కొంతకాల మట్లేయుండి, మఱల అంత వేగముగనే లేచినట్లు కనబడెను. అదియే నిజమైనచో, మన నాగరకతను పెంచిన ఈ హోలోసీన్ ప్రశాంతి ప్రకృతిలో అపవాదమే గాని నియమము కాదు. మన కాళ్ళక్రింది నేల ఏ క్షణముననైన కదలవచ్చును.

కొన్ని నెలలకే గిస్ప్-2 లెక్కలు వెలువడెను. పైనుండి సుమారు 2,700 మీటర్ల వరకు రెండు మంచుకోరలును, అనగా తొలిచి తీసిన మంచుకంబములును, ఒక్కొక్క ఒడుదొడుకు కూడ తప్పక సరిపోలినవి. అంతకు దిగువ, అనగా ఇంచుమించు అడుగు పదియవవంతులో, పోలికయే లేదు. ఇరువదియెనిమిది కిలోమీటర్ల దూరములో రెండు వేఱువేఱు శీతోష్ణస్థితులు ఉండజాలవు గదా! మంచు గట్టిపదార్థమైనను తన బరువునకు తానే మెల్లగా ప్రవహించును; అడుగున నున్న శిల ఎగుడుదిగుడుల మీదుగా జరుగునపుడు పొరలు మడతపడి తలక్రిందులగును. దారము తెగి ఆకులు తారుమారైన తాళపత్రగ్రంథమును వరుసగా చదువబోయిన వాడెట్లు ఒక కథ నడుమ మఱొక కథను చదువునో, గ్రిప్ పరిశోధకులు అట్లే వెచ్చని కాలపు పొరల నడుమ చొచ్చిన హిమయుగపు పొరలను చదివిరి. దీనికి సాక్ష్యము మీథేను వాయువు. అది వాయుమండలమంతట త్వరగా కలియును గనుక, గ్రీన్లాండు బుడగలలో దాని పాలు పెరిగిన కాలముననే అంటార్కిటికా బుడగలలోను పెరుగవలెను. అంటార్కిటికాలోని వోస్తోక్ మంచుతో పోల్చి చూడగా, గ్రిప్ అడుగుపొరలలోని మీథేను లెక్కకు కుదరలేదు.

ఆ శాస్త్రజ్ఞులు తమ మాటయే నెగ్గవలెనని పట్టుపట్టలేదు. వారే పూనుకొని, శిఖరమునకు మూడువందల కిలోమీటర్లకు పైగా ఉత్తరమున, మడతలు లేని మంచు దొరకునన్న చోట మఱల తొలువనారంభించి, 2003లో అడుగు చేరిరి. నార్త్ గ్రిప్ అను ఆ మంచుకోర 1,23,000 ఏండ్ల వెనుకకు, ఈమియన్ కడపటిభాగము వరకు, చెక్కుచెదరని పొరలతో లభించెను. అందు ఆకస్మికపతనములు లేవు. దీర్ఘమైన వెచ్చదనమును, వేలయేండ్లమీద నెమ్మదిగా దిగిన చలియును మాత్రమే కలవు. తమ పేరు లోకమంతట మ్రోగించిన ఫలితమును తామే ముందుండి సరిదిద్దుకొన్న ఆ పరిశోధకుల నిష్ఠ, ఆ ఫలితముకంటెను గొప్పదని నేను విశ్వసింతును.

అట్లని ఈమియన్ చెరువునీటివలె నిలిచిపోయిన కాలమని తలపరాదు. మంచుకథ నిరాకరించినది పెద్ద కుదుపులనే. చిన్న చలనములకు సాక్ష్యములు వేఱు తావుల లభించినవి. అట్లాంటిక్ మహాసముద్రపు ఉత్తరభాగమున, గ్రీన్లాండుకు దక్షిణముగా, సముద్రపు అడుగున పేరుకొన్న మట్టిని పరిశీలింపగా, ఈమియన్ నడినాళ్ళలోనే అచ్చటి లోతునీటి ప్రవాహము శతాబ్దములపాటు క్షీణించి మఱల కోలుకొన్నట్లు 2014లో వెల్లడియైనది. పోర్చుగల్ తీరమునకు ఆవలి మట్టిలోని పుప్పొడియు, ఇటలీలోని కోర్కియా గుహయందలి రాతిస్తంభములును, ఆ కాలమున దక్షిణ ఐరోపాకు పదేపదే అనావృష్టి కలిగినదని చెప్పుచున్నవి. ఇంకను పూర్వమునకు, నాలుగులక్షల ఏండ్ల నాటి అంతరాళమునకు పోయినచో, జర్మనీ దేశమున డెత్లింగెన్ అను చోట ఒకప్పటి సరస్సు అడుగున ఏటికొక పొర చొప్పున నిలిచిన మట్టిలో, వెచ్చదనమును కోరు వృక్షములు హఠాత్తుగా తగ్గి, చలికి ఓర్చు దేవదారుజాతి చెట్లును భూర్జవృక్షములును వ్యాపించి, రెండు శతాబ్దముల ప్రాంతమున మఱల అడవి కోలుకొన్న చరిత్ర చదువవచ్చును.

ఆ జర్మను సరస్సు కథకు మన కాలములోనే తోబుట్టువు కలదు. సుమారు 8,200 ఏండ్లకు పూర్వము, కెనడాలో కరగుచున్న మంచుపలక అంచున అగాసీ, ఒజిబ్వే అను పేళ్ళుగల మహాసరస్సులు నిలిచి యుండెను. అడ్డుగానున్న మంచుకట్ట తెగినంతనే ఆ మంచినీరు హడ్సన్ అఖాతము మీదుగా అట్లాంటిక్‌లోనికి దొర్లిపడెను. ఉప్పునీరు బరువైనది కనుక అచ్చట చల్లబడి లోతునకు దిగుటయు, దాని స్థానమునకు ఉష్ణమండలము నుండి వెచ్చనినీరు వచ్చి ఐరోపాను కాచుటయు నిత్యక్రమము. తేలికయైన మంచినీరు పైన పఱచుకొనగానే ఆ క్రమము మందగించెను. గ్రీన్లాండున మూడు డిగ్రీల ప్రాంతము చలి పెరిగి, సుమారు నూటయేబదియేండ్లు నిలిచెను. అగ్నిపర్వతముల ధూళియు, సూర్యకాంతియందలి స్వల్పభేదములును ఇట్టి చలనములను కలిగించునవే: 1815లో ఇండొనీషియాలోని టంబోరా ప్రేలినపుడు, మఱుసటి యేట ఐరోపాలోను అమెరికా ఈశాన్యమునను వేసవి వేసవిగా లేక పైరులు చెడెను.

అయితే శీతోష్ణస్థితి యనగా చలి, వేడి మాత్రమే కాదు. మన దేశమున అది ముఖ్యముగా వాన. హోలోసీన్ తొలిభాగమున ఉత్తరార్ధగోళపు వేసవి సూర్యునికి దగ్గరగా ఉండుటచే ఆసియా భూఖండము మిక్కిలి కాగి, ఋతుపవనములు బలముగా వీచెను. సహారా ఎడారి ఆ కాలమున పచ్చికబయలు. అల్జీరియాలోని తస్సిలి కొండలలో, నేడు చుక్కనీరు దొరకని చోట, ఆనాటివారు ఆలమందలను, నీటిగుఱ్ఱములను రాళ్ళపై చిత్రించిరి. పిదప అయనచలనమువలన వేసవి ఎండ క్రమముగా తగ్గగా వానలును తగ్గినవి. కారణము నెమ్మదిగా మారినను కార్యము అన్నిచోట్ల అంత నెమ్మదిగా జరుగలేదు. మేఘాలయలో చిరపుంజి చెంత నున్న మామ్లూ గుహలోని రాతిస్తంభమున, 4,200 ఏండ్ల ప్రాంతమున ఋతుపవనము బలహీనపడిన గుఱుతు కలదు. దానిని ఆధారము చేసికొనియే అంతర్జాతీయ భూగర్భశాస్త్రజ్ఞులు 2018లో నాటినుండి నేటివరకు గల కాలమునకు మేఘాలయన్ అని నామకరణము చేసిరి. ఆ అనావృష్టి ఎంత విశాలమైనది, సింధునగరముల క్షీణతకు అది ఎంతవరకు కారణము అనునవి నేటికిని పండితులు వాదించుకొనుచున్న విషయములు.

తెలుగునాటికి సంబంధించిన సాక్ష్యము గోదావరి ఇచ్చినది. ఆ నది సముద్రములో కలియు చోటికి ఆవల, బంగాళాఖాతపు అడుగునుండి తీసిన మట్టిలో, నది తన పరీవాహప్రదేశమునుండి మోసికొనివచ్చిన ఆకుల మైనము వేలయేండ్లుగా చెడక నిలిచి యున్నది. వృక్షముల మైనమునకును, ఎండకు ఓర్చు గడ్డిజాతుల మైనమునకును కార్బను నిష్పత్తిలో భేదము కలదు. ఆ భేదమును కొలిచిన పరిశోధకులు, సుమారు 4,000 ఏండ్ల క్రిందటి నుండి 1,700 ఏండ్ల క్రిందటి వరకు గోదావరి నేలలలో పొడితనమునకు ఓర్చు ఓషధులు క్రమముగా పెరిగి, తరువాత అట్లే స్థిరపడినవని 2012లో ప్రకటించిరి. మహారాష్ట్రమునందును తెలంగాణమునందును నేడు మనము చూచు మెట్టపొలముల స్వరూపము ప్రాచీనమేగాని సనాతనము కాదు. అంతేకాక, ఆ మట్టిలోనే దక్కనుపై నేలకోత పెరిగిన చిహ్నములును కలవు. అడవులు కొట్టి దున్నిన తొలికర్షకుల చేయి కూడ అందున్నదని తరువాతి పరిశీలన తెలిపెను. అనగా వెచ్చని కాలపు సహజచలనము, మానవకృత్యము అను రెండు పాయలు ఒకే మట్టిపొరలో కలిసినవి.

ఇంక తప్పుగా అన్వయించువారి మాట. పూర్వమును వాతావరణము మారినది కావున నేటి మార్పును గూర్చి చింతింప నక్కఱలేదని కొందఱు వాదింతురు. నాకు ఆ సాక్ష్యములు సరిగా విపరీతార్థమును బోధించుచున్నవి. ఋతువుల నడుమ ఎండ పంపకము మారినంతమాత్రముననే సహారా పచ్చబడి ఎండినది, సముద్రము పలుమీటర్లు లేచినది. భూమి చిన్న త్రోపుడులకు పెద్దగా స్పందించును. అంటార్కిటికా మంచులో నిలిచిన ఎనిమిది లక్షల ఏండ్ల గాలిలో కార్బన్ డయాక్సైడు పదిలక్షల పాళ్ళలో సుమారు 170 నుండి 300 వరకే తిరుగాడెను. వెచ్చని కాలములలో తఱచు 280 చెంత నిలిచెను. కడపటి హిమయుగము వీడునపుడు అది నూఱుపాళ్ళకు లోబడి పెరుగుటకు కొన్నివేల ఏండ్లు పట్టినది. నేడు అది 420 దాటినది. 140 పాళ్ళ పెరుగుదల రెండు శతాబ్దములలో కలిగినది.

280 పాళ్ళకే ఏమి జరుగగలదో వాయవ్య గ్రీన్లాండున కాంప్ సెంచురీ అను అమెరికా సైనికస్థావరము చెంత దొరికిన మట్టి చెప్పినది. అచ్చట 1966లో మంచును అడుగంట తొలిచినపుడు, క్రింది నేలనుండి మూడుమీటర్లకు పైగా మట్టియు వచ్చెను. అందఱి దృష్టి మంచుమీదనే యుండుటచే ఆ మట్టి శీతలపేటికలలో మఱుగునపడి, 2017లో కోపెన్‌హేగన్‌లో మఱల కనబడెను. నీటితో కడిగి చూడగా అందు కొమ్మలును, ఆకులును, నాచును ఉండెను. ఆ మట్టికి కడపటిసారి ఎండ తగిలినది సుమారు 4,16,000 ఏండ్ల క్రిందట నని 2023లో లెక్కకట్టిరి. నాలుగులక్షల ఏండ్ల నాటి ఆ అంతరాళము వేడిమిలో నేటికంటె మిక్కిలి మించినది కాదు. దాని ప్రత్యేకత దైర్ఘ్యము. ఇరువది, ముప్పదివేల ఏండ్లు వెచ్చదనము విడువక నిలుచుటచే, నేడు కిలోమీటరుకు మించిన మంచు క్రింద నున్న ఆ నేల బయల్పడి పచ్చబడెను, సముద్రమట్టము ఆఱుమీటర్లకు తక్కువకాక పెరిగెను.

ఇంతకంటె పూర్వపు వెచ్చని కాలముల స్వభావమింకను విచారింపబడుచున్నది. పదిలక్షల ఏండ్లకు పూర్వము హిమయుగములు లక్షయేండ్లకు గాక 41,000 ఏండ్లకే వచ్చిపోవుచుండెను. ఆ లయ ఏల మారినదో నిశ్చయముగా చెప్పగలవారు లేరు. దానికొఱకే ఐరోపా శాస్త్రజ్ఞులు అంటార్కిటికాలో లిటిల్ డోమ్ సి అను చోట మంచును తొలిచి, 2025 జనవరిలో 2,800 మీటర్ల లోతున శిలను చేరిరి. పండ్రెండు లక్షల ఏండ్లకు తక్కువకాని ఆ మంచును ఐరోపాలోని ప్రయోగశాలలకు చేర్చి, దానిలోని ఆక్సిజనును, గాలిబుడగలను వరుసగా పరీక్షించుచున్నారు.